బగాన్ దాతో దాటాక

నర్సు మా బిడ్డ జారా కళ్ళలో చుక్కల మందు వేసి, కంటిపాపలు పెద్దగ కావాలంటే గంటసేపన్న పడ్తదని చెప్పి, దాన్ని తెచ్చి మా ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి పోయింది. గంట. పోయిన వారం చీకటి గదిలో చేసిన పరీక్షలన్నీ డాక్టర్ ఇప్పటికే చూసిందట, ఈ చుక్కలు పని చేసినాక కంటి వెనకాల పొర ఒక్కటి చూస్తే ఇగ చెప్పేస్తదట. కిటికీ బయట సింగపూర్ జురాంగ్ ఈస్ట్ స్టేషన్, రైళ్ళు పై వంతెన మీదికి వచ్చి ఆగుతున్నయి, పోతున్నయి, జనం దిగుతున్నరు, ఎక్కుతున్నరు, వాళ్ళకెవ్వరికీ ఈ గంటతో పని లేదు. మా ఆయన మునవ్వర్ చెయ్యి జారా తల మీద ఉన్నది, మడిచిన తెల్ల కర్ర ఒళ్ళో ఉన్నది, ముఖం మాత్రం రైలు చప్పుడు దిక్కు తిరిగి ఉన్నది. ముందుగ పసిగట్టింది ఆయనే. పొద్దు గూకే యాళ యూ టీలో మేముండే బ్లాకు మెట్లెక్కుతున్నం, జారా ముందు ఉరుకుతున్నది, నేను కూరగాయల సంచి సర్దుకుంటున్న, ఆయన ఉన్నట్టుండి ఆగి, "నిదా, పిల్ల కాలు మెట్టును వెతుక్కుంటున్నది" అన్నడు. కళ్ళున్న నేను పక్కనే ఉన్న, నాకు కనిపించలే. ఆయనకు వినిపించింది. ఆ తర్వాత నాకూ కనిపించడం మొదలైంది, పుస్తకం ముక్కుకు ఆనించుకొని చదవడం, స్టేషన్ పేరు చదవమంటే కళ్ళు చికిలించడం, సినిమా హాల్లో సీటు దాకా నా కొంగు వదలకపోవడం. ఇద్దరం ఆయన జబ్బు పేరు ఎత్తలే. ఎత్తకుండనే అపాయింట్‌మెంట్ తీసుకున్నం.

"అబ్బూ, బోరింగ్ లా. ఎవ్రీథింగ్ బ్లర్ ఆల్రెడీ" అన్నది జారా, కళ్ళు గట్టిగ మూసుకొనే. ఆయన నవ్విండు. "మీ అమ్మీ నన్ను కాలువలో పడేసిన కథ చెప్పాల్నా?" అన్నడు. "టెన్ థౌజండ్ టైమ్స్ చెప్పినవ్ అబ్బూ" అంటనే అది ఆయన భుజం మీదికి ఒరిగింది, అంటే చెప్పుమని. ఆయన మొదలుపెట్టిండు, నువ్వు పుట్టక ముందు, మీ అమ్మీ ఒక తెల్ల కారు నడిపింది, మీ అబ్బూ పక్కన నవాబు లెక్క కూర్చున్నడు. ఈ కథ ఆయన నోట్లో ఎప్పుడూ నవ్వులాట. కాలువ దాకా వస్తది, ఆయన దబ్బున పడ్తడు, చెప్పులు పోతయి, ఒక ముసలవ్వ వచ్చి లుంగీ ఇస్తది, అందరూ నవ్వుతరు, అక్కడ అయిపోతది. నాది అక్కడ అయిపోదు. ఆయన గొంతు ఒక దిక్కు నడుస్తనే ఉన్నది, నేను మాత్రం ఆ కారులో ఎక్కి కూర్చున్న, కిటికీ అద్దం దించిన, ఆ గాలి తగిలింది.

అవి ఎసుంటి రోజులు. రెండువేల సంవత్సరం. పాత కంప్యూటర్లన్నీ ఆగిపోతయని లోకమంతా భయపడి, ఏం కాలేదని తెలిసి, ఆ ఊపులోనే ఇంకా పెద్ద పెద్ద పనులు పెట్టుకున్న కాలం. హైదరాబాద్ నుంచి విమానం దిగిన ప్రతి పిలగాని భుజానికీ ఒక నల్ల బ్యాగు, నోట్లో ఇంకో కంపెనీ పేరు. మునవ్వర్ సైన్స్ పార్క్‌లో పని చేస్తుండె, పొద్దున పోతే రాత్రికి వస్తుండె. నేను కొత్త పెళ్ళికూతుర్ని, ఫ్లాట్‌లో గోడలకు సలాం చెప్పుకుంటు కూర్చుంటుంటి. మాది మహబూబ్‌నగర్. అబ్బాజాన్ ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో జీపు డ్రైవర్, కొడుకులు లేరని నాకే స్టీరింగ్ ఇచ్చిండు, కాలువ గట్ల మీద, ఎవరూ చూడకుండ. అమ్మీకి, అదే మా రహమత్ బీకి, ఈ సంగతి పెళ్ళి కుదిరినాక తెలిసి నెత్తి కొట్టుకున్నది. ఇంట్లో మా మాట ఉర్దూ, కానీ తెలుగు మీడియంలో చదివిన నాకు మనసులో మాటలన్నీ తెలుగులోనే వస్తయి, ఇప్పటికీ. మునవ్వర్ హైదరాబాద్ మల్లేపల్లి మనిషి, తెలుగు సగం సగమే. ఒకనాడు ప్రాజెక్ట్ అయిపోయింది, సెలవిచ్చిన్రు అని వచ్చిండు. ఆయన దోస్తులందరూ బ్యాంకాక్ టికెట్లు తీసుకుంటున్నరు. ఈయన మాత్రం, "రోడ్డు మీద పోదాం నిదా. మలేషియా అంతా. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చొని చూస్త" అన్నడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. పెళ్ళయి ఏడాదైనా నన్ను ఎవరూ అట్ల అడగలే. ఎందుకు అడుగుతున్నడో నేను అడగలే.

కిరాయి కారులో కాజ్‌వే వంతెన దాటి మలేషియా దిక్కు జొహోర్‌లో దిగినాక పెద్ద హైవే ఎక్కొద్దన్నడు, సముద్రం పక్కన పోయే పాత రోడ్డు పట్టుకొమ్మన్నడు. మువార్‌లో నది మీద వంతెన, చెక్క దుకాణాలు, తెల్లారక ముందే పెనం మీద చప్పుడు చేసే రొట్టెలు, పైనుంచి పొంగిచ్చి పోసే చాయ్. మలక్కా దాటినం, క్లాంగ్ దాటినం, వరి పొలాలు వచ్చినయి, పొలాల మీద తెల్ల కొంగలు ఒక్కపారే లేచినయి. "ఆపు, ఆపు" అని కారు ఆపిచ్చి, దిగి, అన్ని కొంగలూ మళ్ళ దిగేదాకా నిలబడి చూసిండు. మసీదు గుమ్మటం కనిపిస్తే ఆపు, పిల్లలు గాలిపటం ఎగరేస్తుంటే ఆపు, రోడ్డు పక్కన దురియన్ పండ్లు గుట్ట పోస్తే ఆపు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్న మొగుడ్ని చూసి, కోడ్ రాసీ రాసీ ఈయనకు ఆకుపచ్చ రంగు కరువైంది పాపం అనుకున్న. పొద్దు గూకక ముందే ఏదో ఒక లాడ్జి చేరాలని మాత్రం పట్టు. కొత్త జాగా కదా, భయం అనుకున్న. పిరికి నవాబు అని ఎక్కిరిచ్చిన. ఆయన కూడ నవ్విండు. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్విండో ఇప్పుడు తెలుస్తది.

మూడోనాడు సాయంత్రం, పేరాక్‌లో, బగాన్ దాతో అని బోర్డు కనపడ్డది. పటంలో చూస్తే ఆ రోడ్డు పోయి పోయి సముద్రంలో దిగుతది. "అక్కడ సూర్యుడు మునిగేది చూద్దాం" అన్న. "చీకటి పడ్తది నిదా" అన్నడు. "పడనీయండి, కారుకు లైట్లు లేవా?" అన్న. అటూ ఇటూ కొబ్బరి తోటలు, రోడ్డు పొడుగునా కాలువలు, కాలువల మీద చిన్న చిన్న చెక్క వంతెనలు, ఆ వంతెనల అవతల ఇండ్లు. సూర్యుడు మునిగింది చూసినం. రోడ్డు చివర నది సముద్రంలో కలిసే కాడ నీళ్ళన్నీ రాగి లెక్క మెరిసినయి. ఆయన రెప్ప కూడ వెయ్యలే. వాపస్ వస్తుంటే ముందు చక్రం పేలింది. ఇంకా పూర్తి చీకటి కూడ కాలే, ఆకాశంలో వెలుగు ఉండనే ఉన్నది. "ఆ ఇంట్లో అడిగొస్త" అని ఆయన దిగిండు, వంతెన ఆయన కుడిపక్కనే ఉన్నది, ఆయన నేరుగ నడిచిండు, నేరుగ కాలువలోకి. దబ్బుమన్న చప్పుడుకు నేను ముందు నవ్విన. పడి నవ్విన. నవ్వుకుంటనే ఉరికి వంగి చెయ్యి చాపిన. నా చెయ్యి ఆయన ముఖం ముందే ఉన్నది. ఆయన నడుముల లోతు నీళ్ళలో నిలబడి, ఇంకో దిక్కు చేతులు ఆడిస్తు, గట్టును వెతుకుతున్నడు. "నిదా, ఎక్కడున్నవ్?" అన్నడు. ఎప్పుడు అరిచిన్నో, ఏం అరిచిన్నో తెల్వదు, తెలుగులోనే అరిచినట్టున్న, "అయ్యో పడ్డడు, ఎవరన్న రాండమ్మా" అని. ఎవరికోసం అరిచిన్నో, ఆ దేశంలో, ఆ తోటలో. కొబ్బరి చెట్ల లోపలి నుంచి జవాబు వచ్చింది. "ఎవులమ్మా అది? ఏటయిపోనాది?"

జారా ఇక్కడ ఎప్పుడూ నవ్వుతది, ఇప్పుడు కూడ నవ్వింది. ఎదురుగ కూర్చున్న చైనా తాత తలెత్తి చూసి తనూ నవ్విండు. మునవ్వర్ ఆ ముసలవ్వ గొంతు చేస్తున్నడు, ఆయనకు వచ్చిన సగం తెలుగులో. రత్తమ్మ ఆమె పేరు. చేతిలో టార్చి, నడుముకు లుంగీ లాంటి సరోంగ్, చెవులకు పెద్ద కమ్మలు. ఆమె మనవడు, వాళ్ళాయనా కలిసి మునవ్వర్‌ను పైకి లాగిన్రు. ఆమె టార్చి నా ముఖం మీద వేసి, "సాయిబుల పిల్లవేటి? మరి మన మాట మాటాడతన్నావు?" అన్నది. అవునన్న. ఆమె టార్చి ఆర్పి నా చెంపలు రెండూ పట్టుకున్నది. వాళ్ళ అమ్మమ్మను ఈ తోటల పనికి ఓడలో తెచ్చిన్రంట, సికాకోలు దగ్గర ఏదో ఊరు, ఆ ఊరు ఈమె చూడలే, ఆ మాట మాత్రం నోట్లో ఉండిపోయింది. మనవలు మలాయ్‌లో మాట్లాడుకుంటున్నరు, కోడలు తమిళంలో జవాబిస్తున్నది, ముసలామె ఒక్కతే తెలుగు. "మీ వూరు సికాకోలుకి దగ్గిరేనా అమ్మా?" అని అడిగింది. మహబూబ్‌నగర్ ఎక్కడ, శ్రీకాకుళం ఎక్కడ. "దగ్గరే అమ్మమ్మా, పక్కనే" అన్న. ఆమె ముఖం చూసినోళ్ళు ఎవరైనా అట్లనే అంటరు. ఎండుచేప పులుసు, అన్నం పెట్టింది. మునవ్వర్‌కు వాళ్ళాయన లుంగీ కట్టిచ్చి గుమ్మంలో పీట వేసింది. ఆయన పీట కోసం కాలితో తడుముతుంటే కొంచెంసేపు చూసి, మెల్లగ నన్నడిగింది, "బాబుకి రేచీకటేటమ్మా?" అని. మునవ్వర్‌కు ఆ మాట తెల్వదు. "ఏమంటున్నది?" అని నన్నే అడిగిండు. నేను ఆయనకు ఉర్దూలో చెప్పిన, రతౌంధీ ఉన్నదా అని అడుగుతున్నది అని. చెప్తు చెప్తు ఆయన ముఖం చూసిన. ఆ ముఖమే జవాబు. తల దించుకున్నడు, అన్నం ముందర పెట్టుకొని, పక్క ఇంటి రేడియోలో ఏదో మలాయ్ పాట వస్తున్నది.

ఆ గుమ్మంలోనే చెప్పిండు. ఆరు నెలల కింద కంపెనీ మెడికల్‌లో పట్టుకున్నరంట. ముందు చీకట్లో చూపు పోతదట, తర్వాత పక్కచూపు, ఆఖరుకు సన్నటి గొట్టంలో నుంచి చూసినట్టు అయితదట, అది కూడ ఎన్నాళ్ళో చెప్పలేరట. మందు లేదు. "నీకు చెప్పాలనే ఈ ప్రయాణం పెట్టుకున్న నిదా. రోజూ పొద్దున చెప్దామనుకుంట. నువ్వు స్టీరింగ్ పట్టుకొని అంత ఖుషీగ ఉంటే నోరు రాలే." రత్తమ్మ నన్ను తన పక్కన చాప మీద పడుకోబెట్టుకున్నది, విసనకర్రతో దోమలు తోలింది. తెల్లారి మనవడు చక్రం మార్చిండు. ఆమె కారు వెనక సీటు నిండా కొబ్బరి బోండాలు వేసి, "సికాకోలు ఎల్తే నా మాట సెప్పమ్మా" అన్నది. ఎవరికి చెప్పాల్నో ఆమెకూ తెల్వదు, నాకూ తెల్వదు. చెప్త అన్న.

ఆ రోడ్డు పోయి పెద్ద రోడ్డుకు తగిలే కాడ కారు ఆపిన. కుడికి తిరిగితే సింగపూర్, ఎడమకు తిరిగితే ఇంకా పైకి, మాకు పేరు కూడ తెల్వని ఊర్లు. అక్కడ ఒక టెలిఫోన్ డబ్బా ఉన్నది. అమ్మీకి ఫోన్ చేద్దామనుకున్న. చేస్తే అమ్మీ ఏమంటదో తెలుసు, వచ్చెయ్ బిడ్డా అంటది, ఇంకా ఏం మునిగిపోలే, వయసు చిన్నది అంటది. అవి తప్పు మాటలు కూడ కావు. వెనక లారీ హారన్ కొట్టింది. నేను ఎడమకు తిప్పిన. "ఇల్లు అటు కదా నిదా" అన్నడు ఆయన, భయం భయంగ. "సెలవు అయిపోలేదు కదా" అన్న. నేనేం గొప్ప నిర్ణయం తీసుకోలే. బండి తిప్పిన, అంతే. తర్వాత మా వాళ్ళందరూ నిదాకు ఎంత సబర్, ఎంత ఓర్పు అన్నరు. సబర్ లేదు, పాడు లేదు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలే. ఇపో ఊరి కాడ సున్నపు కొండలు తెల్లగ నిటారుగ లేచినయి, ఆయన "ఆపు" అనలే, నేను ఆపలే. గెరిక్ దాటి అడవి రోడ్డు ఎక్కినం, ఏనుగులు దాటే జాగా అని పసుపు బోర్డులు, పైకి పోయినకొద్దీ మంచు, రోడ్డు కూడ కనిపించనంత మంచు. అప్పుడు నాకేమైందో, కారు పక్కకు ఆపి దిగి అరిచిన. "పెళ్ళికి ముందే తెలుసా మీకు?" "లేదు, ఖుదా కసమ్, లేదు." "మరి ఆరు నెలలు నా ముందర కూర్చొని ఎట్ల తిన్నరు? ఎట్ల నవ్విన్రు? కళ్ళు మీయి ఒక్కరియేనా?" అడవి నా మాటలన్నీ మింగింది. ఆయన కారుకు ఒరిగి నిలబడి విన్నడు. అంతల మంచులోనుంచి ఒక కట్టెల లారీ వచ్చి ఆగింది, డ్రైవర్ నీళ్ళ డబ్బా పట్టుకొని దిగిండు. నేను ఏడుస్తున్న, ఈయన తల వంచుకొని ఉన్నడు, ఆ మనిషి మా ఇద్దర్నీ చూసి, ఇంజన్ వేడెక్కిందనుకొని, బానెట్ లేపి, ఏమీ కాని ఇంజన్‌లో జాగ్రత్తగ నీళ్ళు పోసిండు. పోసి, నా దిక్కు తిరిగి, ఏడవకు, అయిపోయింది, బాగయింది అన్నట్టు బొటనవేలు లేపి పోయిండు. లారీ పోయినాక ముందు ఎవరు నవ్విన్రో గుర్తు లేదు. నవ్వి నవ్వి రోడ్డు మీద కూర్చున్నం.

అటెనక దేశమే వేరు. కోట బారు ఊర్లో మార్కెట్ మొత్తం ఆడోళ్ళే, పై అంతస్తు కటకటాల కాడినుంచి కిందికి చూస్తే కూరలు, పండ్లు, వాళ్ళ తలగుడ్డలు, రంగులన్నీ ఒక పళ్ళెంలో పోసినట్టున్నయి. ఆయన అక్కడి నుంచి కదలకపోతే కింది నుంచి ఒకామె మామిడికాయ ఊపి ఆట పట్టిచ్చింది. అక్కడి నుంచి కిందికి వచ్చేటప్పుడు సముద్రం ఎడమ పక్క మాతోనే వచ్చింది, గంటలకు గంటలు, ఆయన కిటికీలో. ఇప్పుడు నేనే ఆపుతున్న, ఆయన అడగకముందే. నాకు బండి నడపడం ఇష్టం, పక్కన ఆ మనిషి కళ్ళార చూస్తుంటే ఆ ముఖం చూడడం ఇష్టం. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా నాకు దొరకలే. వాపస్ వచ్చిన కొన్నాళ్ళకే ఆ ఊపంతా దిగిపోయింది, కంపెనీలు మూతపడ్డయి, ఆ బ్యాంకాక్ దోస్తులందరూ చెదిరిపోయిన్రు. మునవ్వర్‌ను మాత్రం ఉంచిన్రు, ఇప్పుడు కంప్యూటరే ఆయనకు చదివి వినిపిస్తది. పిల్లలు వద్దన్నడు. పెద్ద డాక్టర్‌ను అడిగితే, ఈ జబ్బు పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు అన్నడు. ఆయన రావచ్చు అన్న మాట పట్టుకున్నడు, నేను రాకపోవచ్చు అన్న మాట పట్టుకున్న. నేనే గెలిచిన. గెలిచి ఇదిగో, ఈ కుర్చీలో కూర్చున్న, నా గెలుపు రెండు కళ్ళూ మూసుకొని మా మధ్య కూర్చున్నది, దాని చెయ్యి నా చేతిలో వేడిగ ఉన్నది, ఎవరినన్న ఏమన్న మొక్కుకుందామంటే దువా మాటలు కూడ సగంలోనే తెగిపోతున్నయి.

"జారా" అని పిలిచిన్రు. మునవ్వర్ లేచి కర్ర విప్పలే, నా భుజం పట్టుకున్నడు. డాక్టర్ చైనా ఆమె, చిన్న వయసు, ముఖం మీద ఏమీ తెలియనియ్యదు. లైటు పెట్టి చూసింది, ఈ కన్ను, ఆ కన్ను, మళ్ళ ఈ కన్ను. గదిలో గడియారం లేకపోవడం మంచిదైంది. తర్వాత లైటు ఆర్పి, కుర్చీ మా దిక్కు తిప్పి చెప్పింది. లోపలి పొర శుభ్రంగ ఉంది. చీకటి పరీక్షలన్నీ నార్మల్. పిల్లకు దూరం చూపు తక్కువ, బాగానే తక్కువ, అందుకే మసక వెలుగులో మెట్లు తడబడుతున్నది. కళ్ళద్దాలు చాలు. తండ్రి సంగతి ఉన్నది కాబట్టి ఏడాదికోసారి తీసుకరండి అన్నది. "షార్ట్ సైట్" అన్నడు మునవ్వర్. "ఉత్త షార్ట్ సైట్. మళ్ళొకసారి చెప్పండి డాక్టర్." ఆమె మళ్ళ చెప్పింది, వాళ్ళ క్లాసులో సగం మందికి ఉంటది లా, అని. మునవ్వర్ కుర్చీ కోసం తడుముకొని కూర్చొని రెండు చేతులతో ముఖం కప్పుకున్నడు. నేను గోడకు ఆనుకున్న. జారా బిత్తరపోయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, "అమ్మీ, వై యూ క్రై? ఓన్లీ స్పెక్స్ వాట్. మై క్లాస్ హుయ్ మిన్ ఆల్సో గాట్" అన్నది.

డాక్టర్ దాని ముక్కు మీద పెద్ద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం మార్చి మార్చి చూసి, పో, కిటికీలో నుంచి చూడు అన్నది. జారా ఫ్రేమును రెండు చేతులతో పట్టుకొని కిటికీ కాడికి పోయింది. ఈ దిక్కు, ఆ దిక్కు చూసింది. తర్వాత, "అబ్బూ" అన్నది, "ఆ దూరం బ్లాక్‌లో ఎవరో పెద్ద పులి బెడ్‌షీట్ ఆరేసిన్రు." మునవ్వర్ ముఖం మీది నుంచి చేతులు తీసిండు. "ఎన్నో అంతస్తు?" అని అడిగిండు. "వెయిట్" అని అది కింది నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.